నాన్నకి పేపర్ మళ్ళీ వేయించాలంటే

మొన్న సంక్రాంతికి ముందు డాలస్ నుంచి ఫోన్ వచ్చింది. మా కొత్తపేట మాస్టారి అబ్బాయి. "బాబాయ్, కరోనాలో నాన్న పేపర్ మాన్పించేశాం. మళ్ళీ వేయించాలి. అసలు ఇప్పుడు పేపర్లు ఎవరైనా కొంటున్నారా?" అని అడిగాడు.

కొంటున్నారు. నేను తెనాలిలో పేపర్ ఏజెంటుని. 1991లో పద్నాలుగేళ్లప్పుడు సైకిలు మీద పేపర్లు వేయడం మొదలుపెట్టాను, ఇప్పటికీ అదే పని. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టక ముందు నాకు ఆరొందల పైచిలుకు కాపీలు ఉండేవి. పేపర్ పట్టుకుంటే వైరస్ అంటుకుంటుందన్న భయంతో వారం తిరక్కుండా సగం ఇళ్లు ఆపేశాయి. భయం పోయాక కొన్ని తిరిగొచ్చాయి, చాలా రాలేదు. ఇప్పుడు మూడొందల చిల్లర మీద నడుస్తోంది. ఆ మూడొందల్లో రిటైరైన వాళ్లు ఎక్కువ. తర్వాత సెలూన్లు, టీ కొట్లు, లాయర్ల ఆఫీసులు, డాక్టర్ల వెయిటింగ్ హాళ్లు. గ్రూప్-2కి చదివే పిల్లలు. పిల్లాడికి తెలుగు చదవడం రావాలని వేయించుకునే తల్లులు ఈ మధ్య నాలుగిళ్లలో కొత్తగా చేరారు.

ఆ అబ్బాయికి ఫోన్‌లో గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. దూరాన ఉండి అమ్మానాన్నలకి వేయించాలనుకునే వాళ్లకీ, మన ఇంటికే మళ్ళీ తెప్పించుకుందామనుకునే వాళ్లకీ పనికొస్తుంది.

ముందు ఏజెంటుని పట్టుకోండి

ఆన్‌లైన్‌లో వెతకడం కంటే తేలికైన దారి ఉంది. మీ వీధి చివర టీ కొట్టు తెల్లవారుజామునే తెరుస్తారు కదా, ఆయన్ని అడగండి. పేపర్ వేసేవాడు రోజూ అక్కడ ఆగుతాడు. లేదంటే ఐదున్నర, ఆరు మధ్య గేటు దగ్గర నిలబడితే మనిషే కనిపిస్తాడు. అదీ కుదరకపోతే ఒక రోజు పేపర్ కొని, చివర్లో సన్నక్షరాల్లో ముద్రాపకులు, ప్రచురణకర్త, చిరునామా ఉన్న వరస చూడండి. ప్రతి పేపర్ మీదా ఆ వివరాలు వేయాలని చట్టం. ఆ ఆఫీసుకి ఫోన్ చేసి సర్క్యులేషన్ వాళ్లని అడిగితే, మీ వీధి ఏ ఏజెంటు కిందకి వస్తుందో చెప్తారు.

వీధి పేరు, ఇంటి నంబరు కంటే గుర్తు చెప్పడం మేలు. "రణరంగ చౌక్ నుంచి వస్తుంటే ఎడమ పక్క మూడో సందు, వేపచెట్టున్న ఇల్లు" అంటే చీకట్లో కూడా దొరుకుతుంది. ఇంటి నంబరు పలకలు ఆ టైములో కనపడవు.

మొదలుపెట్టే సంగతి ఏజెంటుకి 28వ తేదీ లోపు చెప్పి, ఒకటో తేదీ నుంచి వేయమనండి. నెల మధ్యలోనూ వేస్తాం, కానీ ఒకటి నుంచి మొదలైతే లెక్క ఇద్దరికీ తేలిక. ఏ రోజు ఎన్ని కాపీలు కావాలో మేము ముందు రోజు మధ్యాహ్నానికే చెప్పాలి, అందుకని ఇవాళ సాయంత్రం చెప్పి రేపు పొద్దున్నే పడలేదంటే అది మావాడి తప్పు కాదు.

ఏ పేపర్ అన్నది నాన్నే తేల్చాలి

మాస్టారి అబ్బాయి తనకి అలవాటైన పేపర్ పేరు చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. "మీ నాన్నని అడుగు" అన్నాను. ఆయన ఇంకోటి చెప్పారు, ఎందుకో కూడా చెప్పారు: అందులో అక్షరాలు కాస్త పెద్దవి, పదకేళి ఆయన కళ్లకి ఆనే సైజులో ఉంటుంది.

అడిగినా తేల్చుకోలేకపోతే వారం రోజులు బస్టాండు దగ్గర షాపులో రోజూ రెండు పేపర్లు చొప్పున కొనండి. ఒకే రోజు రెండిట్లో ఒకే వార్త పక్కపక్కన పెట్టి చదవండి. మన దగ్గర ఏ పేపర్ ఎటు మొగ్గుతుందో పాఠకులకి తెలియని సంగతేం కాదు. అసెంబ్లీ జరిగే రోజుల్లో అయితే ఒక దాంట్లో మొదటి పేజీలో ఉన్నది ఇంకోదాంట్లో ఏడో పేజీలో మూల ఉంటుంది. డబ్బులకి ఇబ్బంది లేకపోతే అటు ఒకటి, ఇటు ఒకటి రెండూ వేయించుకోమంటాను. మా లైనులో అలా చదివే వాళ్లు పదిమంది దాకా ఉన్నారు. వాళ్లతో మాట్లాడితే తేడా తెలుస్తుంది, ఏ గొడవైనా రెండు వైపుల నుంచీ చెప్పగలరు.

తర్వాత చూడాల్సింది జిల్లా పేజీలు. 1989లో ఈనాడు జిల్లాకో చిన్న పేపర్ మొదలుపెట్టాక, మన మండలం వార్త పేపర్‌లో రావడం అన్నది జనానికి అలవాటైపోయింది. 2008 మార్చిలో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో వచ్చింది కూడా ఆ అలవాటు చూసే. ఫోన్లో ఢిల్లీ కబురు నిమిషంలో వస్తుంది. మన కాలువకి నీళ్లు ఎప్పుడు వదులుతారు, మన సబ్‌స్టేషన్ కింద కరెంటు ఏ రోజు తీస్తారు, మన వీధిలో ఎవరు పోయారు అన్నది జిల్లా పేజీలోనే దొరుకుతుంది. అందుకని మీకు పడేది ఏ ఎడిషనో చూసుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక మాకిది పెద్ద చిక్కైంది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది, పక్కనే ఉన్న వేమూరు, కొల్లూరు బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. వేమూరులో పొలం ఉండి తెనాలిలో కాపురం ఉండే మనిషికి రెండూ కావాలి. అలాంటి వాళ్లు ఏజెంటుకి ముందే చెప్తే ఏదో ఒక దారి చూస్తాం.

పల్లెటూళ్లో అమ్మానాన్నలుంటే ఇంకో మాట. దూరం ఊళ్లకి వెళ్లే పేపర్ రాత్రి త్వరగా అచ్చేస్తారు. అర్ధరాత్రి అయ్యే క్రికెట్ మ్యాచ్ స్కోరు అందులో ఉండదు. అది చూసి "పాత పేపర్ వేస్తున్నాడు" అని కుర్రాడి మీద కేకలేసిన వాళ్లున్నారు.

బిల్లు

నెల బిల్లు ఇప్పుడు రెండొందలు దాటుతోంది. ఆదివారం ధర వేరేగా ఉండొచ్చు, కొందరు ఏజెంట్లు డెలివరీకి పదో ఇరవయ్యో కలుపుతారు. మొదటి రోజే అడిగి తెలుసుకోండి. సంక్రాంతి, దసరా లాంటి పండగల మర్నాడు పేపర్ రాదు, ఆ రోజులకి డబ్బు కట్టక్కర్లేదు. వంటింటి క్యాలెండర్ మీద పేపర్ పడని రోజున చిన్న గీత పెట్టుకుంటే నెలాఖరున గొడవ ఉండదు.

దూరంగా ఉన్న పిల్లలకి ఒక మాట. మాస్టారి అబ్బాయి ఏడాది డబ్బులు ఒకేసారి ఫోన్‌పేలో కొట్టేశాడు. నాకు సుఖమే. కానీ ఫిబ్రవరి ఒకటిన నేను వెళ్లకపోయేసరికి సాయంత్రం మాస్టారే ఫోన్ చేశారు. "బిల్లుకి రాలేదేంరా?" అన్నారు. అబ్బాయి కట్టేశాడండీ అంటే కాసేపు మాట్లాడలేదు. మర్నాడు వెళ్లాను. క్యాలెండర్ వెనక మేకుకి పాత పెళ్లిశుభలేఖ కవరు వేలాడుతోంది, అందులో రెండు వంద నోట్లు, ఒక యాభై మడత పెట్టి ఉన్నాయి. ఒకటో తేదీకి ముందే పెన్షన్ డబ్బులోంచి తీసి అలా పెట్టుకుంటారట. నేను కుర్చీలో కూర్చోవాలి, ఆయన కళ్లజోడు పెట్టుకుని రశీదు చదవాలి, అమ్మగారు కాఫీ ఇవ్వాలి. నెలకోసారి ఇంటికొచ్చే మనిషిని అబ్బాయి తెలీకుండానే ఆపేశాడు. ఆ డబ్బు అబ్బాయికి తిరిగి పంపించేశాను. బిల్లు ఇప్పుడు మాస్టారే కడుతున్నారు. మీ నాన్న చేతిలో డబ్బులుంటే ఆయన్నే కట్టనివ్వండి. ఆయన వల్ల కాకపోతే మీరు కట్టండి, కానీ రశీదు ఆయన చేతికే ఇమ్మని ఏజెంటుకి చెప్పండి.

పేపర్ ఎక్కడ పడాలి

ఇది చాలామంది పట్టించుకోరు, పేపర్ మాన్పించడానికి సగం కారణం ఇదే. మన వైపు తెల్లవారుజామునే వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గేస్తారు. కుర్రాడు గేటు బయటినుంచి విసిరితే పేపర్ నేరుగా ఆ తడిలో పడుతుంది. మొదటి పేజీ నేలకి అంటుకుపోతుంది, ముగ్గు చెరిగిపోతుంది. అమ్మగారికి కోపం, అయ్యగారికి బాధ.

వంద రూపాయల్లో తేలే పద్ధతి చెప్తాను. ప్లంబింగ్ షాపులో నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క ఒక అడుగు కోయించుకోండి. అంచులు ఉప్పు కాగితంతో రుద్దండి, లేకపోతే లాగేటప్పుడు పేపర్ చిరుగుతుంది. గేటు ఊచలకి లోపలి వైపు, నడుం ఎత్తులో, ఒక మూతి వీధికీ ఇంకోటి ఇంటికీ ఎదురుగా ఉండేలా పడుకోబెట్టి రెండు చోట్ల బైండింగ్ వైరుతో బిగించండి. ఒక మూతి గేటు సందులోంచి వీధి వైపు రావాలి. ఆ వీధి వైపు మూతి ఒక వేలెడు కిందకి ఉంటే వాన లోపలికి పోదు. అంతకంటే వాలిస్తే పేపర్ జారిపోతుంది. వైరు కొసలు లోపలికి వంచేయండి, చేతికి గుచ్చుకుంటాయి. పేపర్ రెండు మడతలు పెట్టి చుడితే అందులో సరిగ్గా పడుతుంది. మాస్టారింటికి నేనే కట్టాను. మోకాళ్ల నొప్పులతో ఆయన వంగలేరు, ఇప్పుడు నిలబడే తీసుకుంటున్నారు.

అపార్టుమెంట్లలో మేడ మీద నుంచి తాడుతో బుట్ట దించే వాళ్లున్నారు, అదీ బాగానే ఉంటుంది. కుక్క ఉంటే తప్పకుండా చెప్పండి. మా కుర్రాడొకడికి మారీస్‌పేటలో పిక్క మీద నాలుగు పళ్లు దిగాయి.

వేసే మనిషి

మూడున్నర, నాలుగు మధ్యలో వ్యాను వస్తుంది. కట్టలు దింపుకుని, లెక్క చూసుకుని, లోపలి పేజీలు మెయిన్‌లో పెట్టి, బట్టల షాపుల పాంప్లెట్లు దూర్చి, లైన్ల వారీగా సర్దేసరికి ఐదవుతుంది. చలికాలంలో కాలువ గట్టు మీద మంచుకి చేతులు కొంకర్లు పోతాయి. పాంప్లెట్ పుష్కలంగా ఉన్న రోజు పేపర్ ఆలస్యమవుతుంది, శ్రావణమాసం, దసరా రోజుల్లో అది మామూలే.

ఇదివరకు వేసేవాళ్లంతా చదువుకునే పిల్లలే. ఇప్పుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం, అది మంచిదే. ఇంటర్ పిల్లలు కూడా తగ్గారు. నా దగ్గర ఇప్పుడు ఇద్దరు ఆటో నడుపుతారు, ఒకాయన పాల ప్యాకెట్లు వేస్తూ పేపర్ కూడా వేస్తాడు, ఒకబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. మార్చిలో ఆ అబ్బాయికి పరీక్షలు, ఆ వారం పది నిమిషాలు అటూ ఇటూ అవుతుంది.

పేజీలు తక్కువొచ్చినా, చిరిగినా కోప్పడకుండా ఫోన్ చేయండి, మార్చి ఇస్తాం. వరసగా మూడు రోజులు ఆలస్యమైతే మాత్రం ఏజెంటుకే చెప్పండి, మనిషితో వాదన పెట్టుకోవద్దు. లైను వేసే వరస మారిస్తే మీ ఇల్లు ముందుకొస్తుంది, అది నా చేతిలో పని.

ఊరెళ్తుంటే ముందు రోజు పొద్దున్నే చెప్పండి. అమ్ముడుపోని కాపీలు పేపర్ ఆఫీసు మా దగ్గర తిరిగి తీసుకోవడానికి పరిమితి ఉంటుంది, ఆపైవి మా మీదే పడతాయి. అంతకంటే పెద్ద కారణం, గేటులో నాలుగు పేపర్లు పేరుకుంటే ఇంట్లో ఎవరూ లేరని వీధి మొత్తానికీ తెలుస్తుంది.

సన్నక్షరాల పేజీ వదలొద్దు

వార్తలు ఎలా చదవాలో నేను చెప్పక్కర్లేదు. ఈ ఒక్కటి మాత్రం చెప్తాను. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని మొదలయ్యే చిన్న ప్రకటనలు ఉంటాయి కదా, ఇంట్లో ఎవరో ఒకరు వాటిని రోజూ చూడండి. కావాలని పేపర్‌లో వేసేవి కావు అవన్నీ, కొన్ని చట్ట ప్రకారం వేయాల్సినవి. ప్రభుత్వం భూమి తీసుకోవాలనుకుంటే 2013 భూసేకరణ చట్టం కింద ఆ ప్రాంతంలో తిరిగే రెండు దినపత్రికల్లో ప్రకటన వేయాలి, వాటిలో ఒకటి స్థానిక భాషది అయ్యుండాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి 60 రోజులు ఇస్తారు. అప్పు కట్టలేదని బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకున్నా రెండు ప్రధాన పత్రికల్లో నోటీసు వేయాలి. కోర్టు సమన్లు మనిషికి అందకపోతే, ఆ మనిషి చివరగా ఉన్న ఊళ్లో తిరిగే పేపర్‌లో వేయిస్తారు.

మా మేనమామకి చెంచుపేటలో నాలుగు సెంట్ల స్థలం ఉంది. ఆయన హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటాడు. ఒకరోజు నా కస్టమరే, రిటైరైన గుమాస్తా ఒకాయన, నేను సైకిలు మీద పోతుంటే ఆపి పేపర్ మడిచి చూపించాడు. వేలు పెట్టిన చోట ఆ స్థలం సర్వే నంబరు, నాలుగు హద్దులు. తూర్పు హద్దుగా రాసిన పేరు మాకు తెలిసినవాళ్లదే. "ఈ స్థలం మా క్లయింటు కొంటున్నారు, అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో చెప్పండి" అని ఎవరో లాయరు వేయించిన ప్రకటన. అప్పటికి మూడో రోజు. మేనమామకి ఫోన్ చేస్తే నేనెవరికీ అమ్మలేదురా అన్నాడు. ఆ రాత్రి టెన్షన్‌తో ఆయనా నిద్రపోలేదు, నేనూ నిద్రపోలేదు. ఐదో రోజున లాయరు చేత అభ్యంతరం పంపించాం, ఆ బేరం ఆగిపోయింది. కొనబోయిన వాళ్లు కూడా మోసపోకుండా బయటపడ్డారు. ఆ నోటీసు ఏ ఫోన్‌లోనూ మాకు కనిపించేది కాదు, ఎందుకంటే దాన్ని వెతకాలని మాకు తెలియదు. పేపర్‌లో వెతకనిది కూడా కంటపడుతుంది. ఇన్నేళ్లుగా ఈ పని మీద నాకున్న నమ్మకం అదే.

దాచుకోవడం, తూకానికి వేయడం

రాజీవ్ గాంధీ పోయిన మర్నాడు నేను కట్ట విప్పకముందే జనం చేతుల్లోంచి లాక్కున్నారు. కబురు తెలియక వచ్చినవాళ్లు వాళ్లు. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాలు ఊరంతా టీవీలో రోజంతా చూసింది. అయినా 5వ తేదీ పొద్దున్న తెచ్చిన అదనపు కాపీలన్నీ ఏడింటికల్లా అయిపోయాయి. ఏ నియోజకవర్గంలో ఎవరికెన్ని ఓట్లో కాగితం మీద దాచుకుందామని కొన్నారు. ఇంట్లో పెద్దాయన పోయి శ్రద్ధాంజలి వేయించినవాళ్లు, పిల్లకి ర్యాంకు వచ్చి ఫొటో పడినవాళ్లు ఐదారు కాపీలు అడుగుతారు. అలాంటివి ముందు రోజే చెప్పి ఉంచుకోండి, తర్వాత రోజుకి దొరకవు.

దాచేటప్పుడు కత్తిరించిన ముక్క మీద తేదీ, పేపర్ పేరు పెన్సిల్‌తో వెంటనే రాయండి. కత్తిరించాక తేదీ పై భాగంతో పోతుంది, పదేళ్లయ్యాక అది ఏ సంవత్సరమో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. న్యూస్‌ప్రింట్ వెలుతురు తగిలితే పచ్చబడి పెళుసెక్కుతుంది. అద్దం ఫ్రేములో పెట్టి గోడకి తగిలించాలనుకుంటే మంచి కాగితం మీద జిరాక్స్ తీయించి దాన్ని తగిలించండి, అసలుది చదునుగా ఫైల్లో పెట్టి బీరువాలో ఉంచండి.

పాత పేపర్లు నేల మీద పేర్చొద్దు, చెద పడుతుంది. అమ్మేటప్పుడు మీ ఇంట్లో ఉన్న ఐదు కేజీల బియ్యం సంచి ముందు పాత పేపర్లు కొనేవాడి కాటా మీద పెట్టి చూడమనండి, తూకం తేడా ఉంటే అక్కడే తెలిసిపోతుంది. ఇక బజ్జీలు, గారెలు నూనె పీల్చడానికి పేపర్ మీద వేయకండి. సిరా తిండిలోకి దిగుతుందని ఆహార భద్రత సంస్థ చాలాసార్లు చెప్పింది, పేపర్‌లో తినుబండారాలు పొట్లం కట్టడం నిబంధనలకే విరుద్ధం. నలభై ఏళ్లుగా అందరం చేసిన పనే, నేను కూడా మా ఇంట్లో మాన్పించాను.

మాస్టారింటికి పేపర్ పడడం మొదలై కొన్ని నెలలైంది. పొద్దున్న ఆయన చదివాక, పదకొండింటికి పక్కింటి కోడలు వచ్చి తీసుకెళ్తోంది. గ్రూప్-2కి చదువుతోంది, ఎడిటోరియల్ పేజీ నోట్సు రాసుకుని సాయంత్రం తిరిగిచ్చేస్తుంది. పదకేళి మాత్రం ఆయన పూర్తిచేసేదాకా ఆగాలి. మొన్న బిల్లుకి వెళ్తే గోడ మీదుగా పిలిచి, "అన్నయ్యా, ఒకటో తేదీ నుంచి మాకూ విడిగా వెయ్యండి" అంది. పైపు అడుగు ముక్క కోయించి ఉంచమని చెప్పి వచ్చాను.